కడిగి తిరిగిస్తాం

ఆదివారం మధ్యాహ్నం. మనవడి మొదటి పుట్టినరోజు భోజనాలు ముగిసి, చుట్టాలంతా కింద గదుల్లో నడుం వాల్చారు. స్టీలక్కయ్య మాత్రం డాబా మీద టెంటు నీడలో ఒక్కతే నిలబడి మూడు నల్ల సంచుల వంక చూస్తోంది. సంచుల నిండా థర్మకోల్ పళ్ళేలు, ప్లాస్టిక్ గ్లాసులు. అన్నీ వాడేసినవే. గాలి వీచినప్పుడల్లా లోపల కరకరమంటున్నాయి. ఆ చప్పుడు వీధి చివరి దాకా వినిపిస్తోందేమోనని ఆమెకి ఒకటే దడ.

ఆమె ఎవరో తెలియనివాళ్ళకి ఇందులో అంత దడ పుట్టాల్సిందేముందో అర్థం కాదు. తెలిసినవాళ్ళు మాత్రం ఆ సంచుల్ని చూస్తే నోరెళ్ళబెడతారు. కాలనీలో ఆమె అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. కమ్యూనిటీ హాలు పక్క గదిలో ఆమె పళ్ళేల బ్యాంకు నడుపుతుంది. ఎవరింట్లో విందు జరిగినా స్టీలు పళ్ళేలు, గ్లాసులు, గరిటెలు అక్కణ్ణించి ఉచితంగా పట్టుకెళ్ళొచ్చు. ఒకసారి తిని పారేసే పళ్ళేలు ఊళ్ళో లేకుండా చెయ్యాలని ఆమె పంతం. షరతు ఒక్కటే, కడిగి తిరిగివ్వాలి. "అయ్యో, అదెంత పని అక్కయ్యగారూ! భూమి కోసం ఆ మాత్రం చెయ్యలేమా? కడిగే తిరిగిస్తాం," అని అందరూ గుండెల మీద చెయ్యేసుకుని చెబుతారు. చెబుతున్నంతసేపూ వాళ్ళ నిజాయితీని శంకించడానికి లేదు.

పళ్ళేలు మాత్రం జిడ్డుతో తిరిగొస్తాయి. మర్యాదస్తులైతే పైపైన నీళ్ళు చల్లి పంపిస్తారు. మొదట్లో ఒకరిద్దరికి చెప్పి చూసింది. వాళ్ళు నొచ్చుకుని తర్వాతి విందుకి మళ్ళీ ప్లాస్టిక్ పళ్ళేలే కొన్నారు. అప్పట్నించి నోరు మూసుకుంది. తనూ, బస్సు డిపోలో పనిచేసి రిటైరయిన మొగుడూ పెరటి కుళాయి దగ్గర చెరో పీట వేసుకుని తోమేవాళ్ళు. సాయానికి ఇద్దరు పనివాళ్ళు వచ్చేవాళ్ళు. వేరే ఊళ్ళ నుంచి ఎవరైనా చూడ్డానికి వస్తే మాత్రం, "మా కాలనీవాళ్ళు అద్దంలా కడిగిస్తారండీ," అని నవ్వుతూ చెప్పేది. వాళ్ళు రాసుకునేవాళ్ళు, ఫోటోలు తీసుకునేవాళ్ళు. కాలవ గట్టు మీద ఆమె ఫోటోతో బోర్డు కూడా వెలిసింది. పొద్దున్నే వచ్చే చెత్తబండి మైకులో వినిపించేది కూడా ఆమె గొంతే.

ఆ పేరంటే ఆమెకి ప్రాణం. పైకి ఒప్పుకోదు గానీ, నలుగురూ ఆగి నమస్కారం పెట్టిన రోజు ఇంటికొచ్చి ఇంకో అరకట్ట పళ్ళేలు ఉత్సాహంగా తోమేది.

అలాంటి మనిషి ఇంట్లో ఈ సంచులేమిటంటే, దానికీ ఆ పళ్ళేలే కారణం. శనివారం లాయరుగారింట్లో రిసెప్షన్ ఉందంటే కాదనలేక ఉన్నవన్నీ ఇచ్చేసింది. "రేపు మా మనవడి పుట్టినరోజండీ, పొద్దున్నే కావాలి," అంటే, "తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటాయి, కడిగి మరీ," అన్నాడాయన. గుమ్మంలోకి వచ్చినమాట నిజమే. ఎండ ముదిరాక వచ్చాయి. పళ్ళేల మీద ముందు రోజు కూరలు సిమెంటులా పట్టేశాయి. పనివాళ్ళలో ఒకామెకి జ్వరం, రెండో ఆమె తోడుగా ఆస్పత్రికి వెళ్ళింది. ఆ కబురు వినేటప్పటికి వీధిలో బస్సు ఆగింది. వియ్యాలవారు బిలబిలమంటూ దిగుతున్నారు.

స్టీలక్కయ్య మొగుణ్ణి వంటింటి తలుపు వెనక్కి లాగింది.

"ఏమండీ, ఒక్కసారి మార్కెట్ దాకా వెళ్ళొస్తారా?"

"దేనికే?"

"దేనికో మీకు తెలుసు."

ఎవరి ఇంటికో కన్నం వెయ్యమన్నట్టు ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "నేనా? షాపువాడు నా మొహం గుర్తుపట్టడూ?"

"కళ్ళజోడు తీసేసి వెళ్ళండి."

"కళ్ళజోడు తీస్తే ఏవి పళ్ళేలో ఏవి గిన్నెలో నాకెలా తెలుస్తుందే!"

అయినా వెళ్ళాడు. కాలనీవాళ్ళెవర్నీ పిలవకపోవడం ఒక్కటే ఆ పూట ఆమెకి ఊరట. రక్తసంబంధీకుల వరకే అని ముందే చెప్పేసింది. భోజనాలు డాబా మీద గుట్టుగా జరిగిపోయాయి. వియ్యపురాలు తెల్లటి పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత తేలికండీ! తిన్నాం, పారేశాం. మీ గురించి విని, మాచేత కూడా అంట్లు తోమిస్తారేమోనని హడలిపోయాం సుమండీ," అని పకపకా నవ్వింది. కూతురు మాత్రం చంటివాణ్ణి చంకనేసుకుని ఒక్కసారి తల్లి వంక చూసి, తర్వాత తలొంచుకుని అదే పళ్ళెంలో తిన్నది. ఆ చూపుకి అర్థమేమిటో అడిగే ధైర్యం స్టీలక్కయ్యకి లేదు.

సాయంత్రం చుట్టాల బస్సు కదిలాక మొగుడూ పెళ్ళాలిద్దరూ డాబా మీద సంచుల చుట్టూ కూర్చున్నారు. సోమవారం పొద్దున్నే చెత్తబండి వస్తుంది. బండివాళ్ళు ప్రతి సంచీ విప్పి చూసి గానీ ఎక్కించరు. వాళ్ళకి ఆ పద్ధతి నేర్పింది ఈవిడే. పారేసే పళ్ళేలు దొరికితే ఆ ఇంటివాళ్ళ పేరు వారంపాటు మైకులో చదువుతారు. కాలనీ షాపుల్లో దొరికితే ఇంకా గట్టి శిక్ష, రెండోసారికి షాపు ఖాళీ చేయిస్తారు. ఆ నిబంధన పట్టుబట్టి పెట్టించింది కూడా ఈవిడే.

"కాల్చేస్తే?" అన్నాడాయన.

"ఆ నల్లపొగ చూసి ఫైరింజన్ వస్తుంది."

"పాతిపెడితే?"

"పెరడంతా సిమెంటు చేయించారు కదా మీరే."

"పోనీ, శుభ్రంగా కడిగి అటక మీద పెట్టేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

"కడిగే ఓపికే ఉంటే పొద్దున స్టీలువే కడిగేవాళ్ళం కదండీ!" అందామె. అనేసి నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే ఆగిపోయి ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి భుజం మీద చెయ్యేశాడు. "ఊరుకో. ఒక్క పూట ముచ్చటకి ప్రపంచం ఏం మునిగిపోదు," అన్నాడు. ప్రపంచం సంగతి ఆ క్షణాన ఆమెకి తట్టనైనా లేదు. ఉన్నదల్లా పేరు పోతుందన్న భయం ఒక్కటే.

చీకటి పడకముందే సంచుల్ని కారు డిక్కీలో కుక్కారు. పాత కారు, డిక్కీ తలుపు సరిగా పడదు. తాడేసి కట్టారు.

మొదట మార్కెట్ వెనక ఉన్న పెద్ద చెత్తకుండీ దగ్గరికి వెళ్ళారు. ఆదివారం సాయంత్రం అక్కడ ఎవరుంటారులే అనుకున్నారు. కారు ఆగిందో లేదో కూరగాయలమ్మే ఆమె పరుగెత్తుకొచ్చి కిటికీలో తల పెట్టింది.

"అక్కా! నువ్వేనా? నిన్ను చూసి ఎన్నాళ్ళయింది! ఇదిగో చూడు, నీ మాట విని కవర్లు పూర్తిగా మానేశాను. పాత చీరలు చింపి సంచులు కుట్టా. సగం బేరాలు పోయాయనుకో, అయినా మానేశా."

"మంచిపని చేశావమ్మా," అంది స్టీలక్కయ్య.

"ఏదో కుళ్ళిన వాసన వస్తోందేమిటక్కా, కారులోంచి?"

"డీజిలు," అన్నాడు ఆయన.

ఆ పిల్ల అమాయకంగా తలూపి, తను కుట్టిన సంచి ఒకటి బలవంతంగా ఆమె ఒళ్ళో పెట్టింది. పువ్వుల అంచు ఉన్న నీలం గుడ్డ. కారు కదిలాక ఆ సంచిని ఎక్కడ పెట్టాలో తెలియక స్టీలక్కయ్య వెనక సీట్లోకి విసిరేసింది. సగం బేరాలు పోయాయన్న మాట ఆమెకి మింగుడుపడలేదు. తను ఎప్పుడూ ఆ లెక్క అడగనే లేదు.

రోడ్డు మలుపులో తాడు వదులై డిక్కీ నోరు తెరిచింది. ఒక ప్లాస్టిక్ గ్లాసు ఎగిరి రోడ్డు మీద పడి టకటకలాడుతూ దొర్లింది. ఆయన కారాపి దిగి, చేతులడ్డం పెట్టి, వచ్చేపోయే బళ్ళ మధ్య దాని వెంట పరుగెత్తాడు. హారన్లు మోగుతున్నాయి. ఒక లారీ ఆయన్ని రాసుకుంటూ పోయింది.

"వదిలెయ్యండీ! వెధవ గ్లాసు! పోతే పోయింది, వదిలెయ్యండి!" అని ఆమె కిటికీలోంచి గొంతు చించుకుని అరిచింది. ఫుట్‌పాత్ మీద వెళ్తున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె చటుక్కున తల లోపలికి లాక్కుంది. గ్లాసు కాలవలోకి పోయే కన్నంలో పడిపోయింది. ఆయన ఖాళీ చేతులతో ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నాడు.

"ఎలాగూ ఒకటి అందులోకే పోయింది. మిగతావి కూడా గట్టు మీంచి..." అని నసిగాడు.

"కాలవలోనా? మనం మనుషులమేనా?" అని ఆమె భగ్గుమంది. నిజంగానే ఆమెకి ఒళ్ళు జలదరించింది. కాలవలో చెత్త పోసేవాళ్ళంటే ఆమెకి మహా అసహ్యం. ఆ అసహ్యం కాసేపు ఆమెకి ధైర్యాన్నిచ్చింది కూడా. తను మరీ అంత దిగజారలేదన్నమాట!

అటు తిరిగి ఇటు తిరిగి చివరికి మళ్ళీ కాలనీకే వచ్చారు. వీధి మొదట్లో అయిదారు షాపుల వరస ఉంది. దర్జీ, మందుల షాపు, బేకరీ, ఇంకా ఏవో. ఆదివారం సాయంత్రం షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. వెనక సందులో అన్నిటికీ కలిపి ఒకే కుండీ. సందులో దీపం ఇంకా వెలగలేదు.

"ఇది అందరిదీ. ఏ చెత్త ఎవరిదో చెప్పలేరు," అన్నాడాయన.

ఆ షాపుల్లో బేకరీ మీద ఇదివరకే ఒక మచ్చ ఉందని ఆమెకి తెలుసు. వానాకాలంలో ఆ బేకరీ ఆవిడ పారేసే పళ్ళేలు వాడుతుంటే నలుగురి ముందూ నిలదీసి పట్టుకున్నది తనే. పెనిమిటి పోయాక ఒంటి చేత్తో షాపు నడుపుకుంటున్న మనిషి. ఆ రోజు ఆవిడ తలొంచుకుని నిలబడ్డ తీరు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చి బాధేసి, అప్పట్నించి కేకులన్నీ అక్కడే కొంటోంది. ఇవాళ్టి పుట్టినరోజు కేకు కూడా నిన్న అక్కడ కొన్నదే. అయితే మాత్రం, అందరి కుండీలో దొరికినదాన్ని ఆవిడకే ఎలా అంటగడతారు? అంటగట్టలేరు. ఇలా తనకి తాను చెప్పుకుంటుండగానే ఆయన మూడు సంచులూ దబదబా పడేసి వచ్చాడు. ఇద్దరూ దొంగల్లా ఇంటికి చేరారు. ఆమె డిక్కీని సబ్బు నీళ్ళతో కడిగింది.

సోమవారం పొద్దున్నే ఫోన్ మోగింది. కాలనీ ప్రెసిడెంటు.

"అక్కయ్యగారూ, ఒకసారి షాపుల దగ్గరికి రండి. దొంగ దొరికింది."

"ఎవరండీ?" అని అడిగింది. ఆ ప్రశ్న తన గొంతులోంచి అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"మీరు రండి, మీ ముందే తేలుద్దాం."

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆయన గుమ్మం దాకా వచ్చి, "నేనూ రానా?" అన్నాడు. "వద్దు. మీ మొహం చూస్తే చంటిపిల్లలు కూడా కనిపెట్టేస్తారు," అంది. నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఎవరు చూశారు? దర్జీ మేడ మీద కిటికీ ఉంది. ఆ కిటికీలో ఎవరైనా నిలబడ్డారా? నీలం గుడ్డ సంచి కారులోనే ఉందా, కుండీలో గానీ పడిందా? ఎదురొచ్చిన ఒకాయన ఎప్పటిలా నమస్కారం పెట్టాడు. ఇదే ఆఖరి నమస్కారమేమో అనుకుంటూ ఆమె తిరిగి పెట్టింది.

సందులో జనం మూగి ఉన్నారు. మూడు సంచులూ విప్పి నేల మీద పరిచారు. పట్టపగటి వెలుగులో ఆ పళ్ళేలు ఇంకా ఎక్కువ కనిపించాయి. బండి డ్రైవరు చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. పెట్టె మీద బేకరీ బొమ్మ. కేకు పెట్టె. ఆమె స్వయంగా దాన్ని చదును చేసి సంచిలో దూర్చింది. జనం మధ్యలో బేకరీ ఆవిడ నిలబడి ఉంది. ఒంటి మీద పిండి మరకల ఏప్రాన్, మొహం పాలిపోయి ఉంది.

అందరూ తనవైపు తిరిగి దారి ఇచ్చారు. ఎవరి కళ్ళలోనూ తన మీద అనుమానం లేదు. ఆ సంగతి గ్రహించిన క్షణంలో ఆమెకి కలిగింది ఆనందమే. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

"చూశారా అక్కయ్యగారూ," అన్నాడు ప్రెసిడెంటు, "మీరు వానాకాలంలోనే చెప్పారు. మేమే మెత్తబడ్డాం. ఇప్పుడిది రెండోసారి. నిబంధన ప్రకారం షాపు ఖాళీ చేయించాల్సిందే."

"నేను వెయ్యలేదండీ," అంది బేకరీ ఆవిడ. చాలాసేపట్నించి అదే మాట చెబుతున్నట్టు గొంతు బొంగురుపోయింది. "ఆ పెట్టెలు రోజూ ఎందరికిస్తానండీ! కేకు కొన్నవాళ్ళంతా నా షాపువాళ్ళా? శనివారం ఒక్కరోజే ఎన్ని కేకులు అమ్మానో. ఆఖరికి స్టీలక్కయ్యగారు కూడా కొన్నారు. అంటే ఇవి ఆవిడ వేసినట్టా?"

సందంతా గొల్లుమంది. మందుల షాపాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. బండి డ్రైవరు కూడా నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. బేకరీ ఆవిడ వెంటనే నాలుక్కరుచుకుని, "తప్పుగా అనుకోకండి అక్కయ్యగారూ, మాటవరసకన్నాను," అంది.

ఆ నవ్వుల మధ్య స్టీలక్కయ్య బేకరీ ఆవిడ వంక చూసింది. ఎదురుగా ఉన్న మనిషి బతుకు వీధిన పడబోతోంది. తన పేరు నిలబడాలంటే ఈవిడ షాపు పోవాలి. అంత స్పష్టంగా ఎప్పుడూ ఏదీ ఆమెకి కనిపించలేదు. నోరు తెరిచింది.

"నేనే వేశాను," అంది.

ఇక అయిపోయింది అనుకుంది. మాట బయటపడ్డందుకు లోపల ఎక్కడో బరువు దిగినట్టు కూడా అనిపించింది.

ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశారటయ్యా," అన్నాడు జనంతో, "మనిషంటే అదీ! ఈ అమ్మాయి షాపు నిలబెట్టడం కోసం నింద తన మీద వేసుకుంటున్నారు. మనలో ఎవరికైనా ఉందా అంత పెద్ద మనసు?"

ఎవరో చప్పట్లు కొట్టారు. మరొకరు అందుకున్నారు. "కాదండీ, అది కాదు," అని ఆమె అనబోయింది. అన్నదో లేదో ఆమెకే తెలీదు. ప్రెసిడెంటు చెయ్యి పైకెత్తి, "అక్కయ్యగారి మాట మీద గౌరవంతో ఈసారికి వదిలేస్తున్నాం. షాపు ఖాళీ చేయించం. కానీ అమ్మాయీ, రెండో మచ్చ మాత్రం చెరగదు. ఇంకొక్కసారి దొరికితే ఈవిడ వచ్చి చెప్పినా వినం," అన్నాడు.

మళ్ళీ చెప్పడానికి సమయం ఉంది. జనం నెమ్మదిగా విడిపోతున్నారు. డ్రైవరు పళ్ళేలు ఎత్తి సంచుల్లో కుక్కుతున్నాడు. దర్జీ షట్టరు లేపుతున్నాడు. రుజువులు కూడా ఉన్నాయి. ఇంట్లో మొగుడున్నాడు, నిన్న వాడగా మిగిలిన థర్మకోల్ పళ్ళేల కట్ట ఒకటి మంచం కింద ఉంది. 'రండి, చూపిస్తాను,' అంటే చాలు. చెప్పాను కదా, వాళ్ళే నమ్మలేదు, అని ఆమె మనసు ఆమెకి సర్దిచెప్పింది. షాపు కూడా నిలబడింది కదా, ఇంకెవరికి నష్టం అని కూడా చెప్పింది. ఆమె ఆ మాటలకి తలొగ్గింది. నిలబడిన చోటే నిలబడి, దాటిపోయేవాళ్ళ నమస్కారాలు ఒక్కొక్కటే అందుకుంది.

అందరూ వెళ్ళాక బేకరీ ఆవిడ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పిండి అంటిన చేతులు, వెచ్చగా ఉన్నాయి.

"ఇంతమందిలో మీరొక్కరే నన్ను నమ్మారు అక్కయ్యగారూ," అంది. వానాకాలం తర్వాత ఆవిడ స్టీలక్కయ్య కళ్ళలోకి సూటిగా చూడ్డం అదే మొదలు. "మీమీద నాకు కోపం ఉండేది. ఎందుకు దాచాలి, చాలా ఉండేది. ఇవాళ్టితో పోయింది."

"అలా అనకమ్మా," అంది స్టీలక్కయ్య. ఇప్పుడైనా చెప్పచ్చు. ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, ఈ ఒక్క మనిషీ నమ్ముతుంది. నమ్ముతుందనే భయం.

"కానీ ఊరుకోను," అంది బేకరీ ఆవిడ. "ఎవరో నామీద కక్షగట్టి చేశారు. మచ్చ ఉందని తెలిసినవాళ్ళే చేశారు. రేపట్నించి పొద్దున్నే, బండి వచ్చేలోపు ఇక్కడే కాపు కాస్తాను. వాళ్ళు మళ్ళీ రాకపోరు. మీరు కూడా కాసేపు నాతో కూర్చుంటారా? నేనొక్కదాన్నీ పట్టుకుంటే ఎవరూ నమ్మరు. మీరుంటే నమ్ముతారు."

స్టీలక్కయ్య ఆ చేతుల వంకే చూస్తూ, "కూర్చుంటానమ్మా," అంది.

ఇంటికెళ్ళి చెబితే మొగుడు తల పట్టుకున్నాడు. "నీకేమైనా పిచ్చా? నిన్ను నువ్వే పట్టుకోడానికి కాపలానా?" అన్నాడు. ఆమె పెరట్లో లాయరుగారి పళ్ళేల ముందు కూర్చుని ఎండిన కూరల్ని గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. ఆయన కాసేపు చూసి, రెండో పీట వేసుకున్నాడు.

మర్నాడు ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే సందులో రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు పడ్డాయి. బేకరీలోంచి వేడివేడి రొట్టె వాసన వస్తోంది. బేకరీ ఆవిడ గుసగుసగా తన సంగతులు చెప్పుకుపోతోంది. పెనిమిటి పోయినప్పుడు షాపు అమ్మేయమని అందరూ అన్నారట, పట్టుబట్టి నిలబెట్టుకుందట. స్టీలక్కయ్య ఊఁ కొడుతోంది గానీ చూపంతా సందు మొగలోనే ఉంది. దర్జీ మేడ కిటికీలో కర్టెన్ కదిలితే ఉలిక్కిపడింది. అక్కడ పిల్లి ఉంది.

స్కూటరు ఒకటి నెమ్మదిగా సందులోకి తిరిగింది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి. ఇటూ అటూ చూసి, కాళ్ళ దగ్గరున్న చిన్న సంచిని కుండీ వైపు గిరాటేశాడు. అది అంచుకి తగిలి కింద పడి పగిలింది. నాలుగు పారేసే పళ్ళేలు, రెండు గ్లాసులు బయటపడ్డాయి.

బేకరీ ఆవిడ లేచేలోపే స్టీలక్కయ్య స్టూలు తన్నేసి లేచింది. "ఏమండీ! ఆగండి! బండాపండి!" అని సందు దద్దరిల్లేలా అరుస్తూ స్కూటరుకి అడ్డం వెళ్ళి నిలబడింది. "సిగ్గుగా లేదూ? ఎవరి గుమ్మంలో పడేస్తున్నారండీ మీ చెత్త? మీరు తిని పోతే వేరేవాళ్ళు మాటలు పడాలా? తియ్యండి! చేత్తో తియ్యండి!"

అతను హెల్మెట్ తీసి బిత్తరపోయి చూశాడు. "సారీ అండీ, ఏదో తొందరలో..." అని గొణుగుతూ వంగి పళ్ళేలు ఏరి సంచిలో పెట్టుకున్నాడు. స్కూటరు వెళ్ళేదాకా ఆమె అతని మీంచి చూపు తిప్పలేదు. ఒళ్ళంతా మండిపోతోంది.

"దొరికాడు కదా అక్కయ్యా! వాడే అయ్యుంటాడు," అంది బేకరీ ఆవిడ ఆనందం పట్టలేక.

స్టీలక్కయ్య పడిపోయిన స్టూలు లేపి కూర్చుంది. ఆ కోపంలో ఇసుమంతైనా నటన లేదు. అరుస్తున్నంతసేపూ మూడు నల్ల సంచుల సంగతి ఆమెకి గుర్తే రాలేదు. అది తెలుసుకునేసరికి ఆమెకి నిన్నటికన్నా ఎక్కువ భయం వేసింది. నటించి ఉంటే బాగుండేదనిపించింది.